గుమ్మడికాయ కింది బకెట్

పుల్లమ్మ పడిన రోజు నుంచి కోమల ఆ బకెట్‌ను చూడటం మానేసింది. చూడాల్సిన అవసరం రాకుండా దాన్ని పిండి గిర్ని వెనక, జొన్నల బస్తాల చాటుకు నెట్టింది. ఎప్పుడో గోడలకు వేసిన రంగు తాలూకు పాత బకెట్ అది. అంచున ఇంకా ఆకుపచ్చ మరకలున్నాయి. కంటికి కనపడకుండా చేసిన వస్తువు మనసులో రెండింతలు జాగా ఆక్రమిస్తుందని ఆమెకు అప్పటికి తెలియదు. మూడు రోజులుగా మిరపకాయలు గిర్నిలో పోస్తున్నా, బెల్టు బిగిస్తున్నా, ఇంట్లో అన్నం వార్చుతున్నా, లోపల ఎక్కడో ఒక్కో బొట్టు బకెట్‌లో పడుతూనే ఉంది. టప్. కాసేపు ఊరుకుని, మళ్ళీ టప్.

నకిరేకల్‌లో మార్కెట్ యార్డుకు పోయే దారిలో మల్లయ్య కట్టించిన నాలుగు మడిగెల్లో, రోడ్డు వార దుకాణపు గదుల్లో, చివరిది ఆమెది. కిరాయికి తీసుకుని ఏడాది కావస్తోంది. అంతకు ముందు ముగ్గురు ఓనర్లు ఆమెను మొదట ఇంటిపేరు అడిగారు, తరువాత ఏ వాడ అని అడిగారు, ఆ తరువాత మడిగె నిన్ననే మాటయిపోయిందన్నారు. మల్లయ్య ఏదీ అడగలేదు. "కరెంటు బిల్లు నీదే. గోడలకు మొలలు కొట్టొద్దు" అన్నాడు, అంతే. అడగకపోవడమే ఆమెకు ఎంత పెద్ద మేలుగా తోచిందంటే, గిర్ని తెరిచిన రోజున అతను నిచ్చెన వేయించి, షటర్ పైనున్న ఇనుప కొక్కేనికి బూడిద గుమ్మడికాయ కట్టిస్తుంటే ఆమె నోరు మెదపలేదు.

"నరుని కంటికి నల్లరాయైన పగుల్తదమ్మా" అన్నాడు మల్లయ్య కిందినుంచి తాడు అందిస్తూ.

కోమల ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. దిష్టికాయ తన చేత్తో ముట్టేది కాదు. అయితే ఏమైంది, కట్టింది తను కాదు కదా అనుకుంది.

ఆ నాలుగు మడిగెలకూ ఒక రివాజు ఉంది. మొదటి కాయ ఓనరు కడతాడు, తరువాత మెత్తబడక ముందే ఏదో ఒక అమావాస్యకు లోపల వ్యాపారం చేసేవాళ్ళు మార్చుకుంటారు. ఇది ఎక్కడా రాసుకున్నది కాదు. అందరికీ తెలిసిందే గనక ఎవరూ కోమలకు చెప్పలేదు. కట్టిన మనిషే మారుస్తాడని ఆమె. మార్చే ఉంటుందని అతను. అడిగితే ఆమె మతం ఎత్తినట్టవుతుందని అతను అడగలేదు. చెబితే మడిగె పోతుందేమోనని ఆమె చెప్పలేదు. వీళ్ళిద్దరి మర్యాద మధ్య ఆ కాయ పది నెలలు వేలాడింది, లోపల్లోపల కుళ్ళింది, ఎండలు ముదిరే వేళకు కారడం మొదలుపెట్టింది.

మొదటి బొట్టు పడ్డ రోజున కోమల తలెత్తి చూసింది. కొడవలితో తాడు కోస్తే రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలే ఆమెకు చేతకాలేదు. కోస్తే ఓనరు నమ్మకాన్ని కోసినట్టు. కొత్తది కడితే తన నమ్మకాన్ని తాడుకు కట్టినట్టు. ఈ రెంటికీ మధ్య దొరికిన దారి బకెట్. మెట్టు మీది నాపరాయిపై, కాయకు సరిగ్గా కింద పెట్టింది. ఇరవై రోజులు పొద్దున్నే దాన్ని ఒంపి మళ్ళీ అక్కడే పెట్టేది.

సోమవారం పొద్దున ఊడుస్తూ బకెట్‌ను పక్కకు జరిపింది. అంతలో జొన్నల బండి వచ్చింది. బస్తాలు దింపించుకునే హడావిడిలో బకెట్ గోడ పక్కనే ఉండిపోయింది. గంట తరువాత పుల్లమ్మ నెత్తిమీద మిరపకాయల గంపతో మెట్టెక్కింది.

పుల్లమ్మ నాలుగు వాడల మిరపకాయలు తెచ్చి, తొడిమెలు తీసి, ఎండబోసి, గిర్ని పట్టించి, ఎవరి కారం వాళ్ళింటికి చేరేసి బతికే మనిషి. కాలు జారింది. గంప ఎటో పోయింది. కుడి చెయ్యి కింద పడి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఎర్రటి మిరపకాయల మధ్య, కాయ నీళ్ళలో, ఆమె చప్పుడు చేయకుండా కూర్చుని తన చేతినే ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

ఆమెను ఆటోలో నల్గొండ దవాఖానకు పంపాక కోమల కొడవలి తీసుకుని నిచ్చెనెక్కింది. నిజంగానే రెండు నిమిషాలు పట్టింది.

మర్నాడు పొద్దున మల్లయ్య వచ్చాడు. గిర్నికి వచ్చినప్పుడల్లా ఆయన కాంటా మీదే కూర్చుంటాడు, కుర్చీ చూపించినా సరే. కాంటా మీద ఎర్ర అంకెలు డెబ్బై ఎనిమిది దగ్గర నిలిచాయి.

"రాడ్ ఏస్తరటనా?"

"ఏస్తరట పటేలా. మూడు నెలలు చెయ్యి ఎత్తొద్దన్నరట."

"ఆమె కొడుకు విజేందర్ ఏమన్నడు?"

"ఏమనలే. గదే భయమైతాంది."

మల్లయ్య కొక్కెం వైపు చూశాడు. అక్కడ తెగిన తాడు ముక్క మాత్రమే ఊగుతోంది. "నేనొకటి చెప్తున్న, విను. ముసల్దానికి కండ్లు తిరిగినయి. ఎండ గట్ల కొడుతాంది గదా, పడ్డది. గంతే. కాయ లేదు, నీళ్ళు లేవు."

"కాయ ఉండె గదా పటేలా."

"ఉండె. ఇప్పుడున్నదా?"

కోమల చీపురు అందుకుని ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

"నువ్వు నోరు జారితే నీ ఒక్కదానితోని పోదు. బిల్డింగు నాది, కొక్కెం నాది. పంచాయితంటూ మొదలైతే మా ఇంట్ల నన్ను బతకనియ్యరు, అసుంటోళ్ళకు ఎందుకిచ్చినవని." అసుంటోళ్ళు అన్న మాట తన చెవికే గుచ్చుకుందేమో, గొంతు తగ్గించాడు. "అగ్రిమెంటు ఒకటో తారీఖుకు అయిపోతది. మళ్ల రాసుకోవాలె గదా మనం."

బెదిరించినట్టు అనలేదు. రేపు వాన పడేట్టుంది అన్నట్టు అన్నాడు. అందుకే అది ఆమెలో ఇంకా లోతుకు దిగింది. మడిగె పోతే గిర్ని ఎక్కడ పెట్టాలి? బ్యాంకు లోనుతో కొన్న మోటారును నెత్తిన పెట్టుకుని మళ్ళీ ఇంటిపేరు చెప్పుకుంటూ ఎన్ని గడపలు తిరగాలి?

ఆ సాయంత్రం ఆమెకు హాస్టల్ గుర్తొచ్చింది. ఆరో తరగతిలో వార్డెన్ గదిలోని నిలువుటద్దం పగిలింది. నలభై మంది పిల్లల్ని వరసగా నిలబెట్టారు. వార్డెన్ చూపు వరస మొదటినుంచి నడుచుకుంటూ వచ్చి కోమల దగ్గర ఆగింది. ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. కోమల ఆ గదిలోకి ఎన్నడూ పోలేదు. అయినా, ఆ చూపు తన మీది నుంచి తొలిగితే చాలన్నట్టు, "నేనే మేడం" అంది. అప్పటి నుంచి తప్పు అంటే ఆమెకు చేసేది కాదు, మీద పడేది. ఎవరి చూపు ముందుగా ఎవరి మీద ఆగితే వాళ్ళది. ఇప్పుడు జీవితంలో మొదటిసారి నిజంగా తన తప్పు ఒకటి జరిగింది. విచిత్రంగా, ఈసారి ఆమె వైపు ఎవరూ చూడటం లేదు. పైగా తలుపు తీసి పట్టుకుని, ఇటునుంచి వెళ్ళిపొమ్మంటున్నారు.

లోను కాగితాల కవర్లో ఇన్సూరెన్స్ కాగితం ఉందని ఆమెకు తెలుసు. అగ్గికీ దొంగలకీ అనుకుంది. బ్యాంకు ఆఫీసరు కృష్ణకాంత్‌కు ఫోన్ చేస్తే ఆయన కాగితం తీయించి, వరస నంబరు చెప్పి చదివించాడు.

"చూసిండ్రా? మీ మడిగెకు వచ్చినోళ్ళకు మీ తప్పుతోని దెబ్బ తగిల్తే, కంపెనీ ఇస్తది. నేను ఇప్పుడే రాస్త. గురువారం నల్గొండ నుంచి కంపెనీ మేడం వస్తది చూసిపోతానికి. అందాక ఎవ్వలకూ ఇంతిస్త, అంతిస్త అని నోటిమాట ఇయ్యకుండ్రి. మేడం దగ్గర ఏదీ దాయకుండ్రి."

ఇన్ని మాటల్లో ఆమె చెవిలో నిలిచింది ఒక్కటే: మీ తప్పుతోని. తప్పు ఒప్పుకున్నాక ఇచ్చేవాళ్ళు ఉంటారా? అదేదో ఉచ్చులా అనిపించింది.

బుధవారం గిర్ని బంద్ పెట్టి నల్గొండ పోయింది. పుల్లమ్మ మంచం మీద కట్టుతో కూర్చుని, పక్క మంచం ఆవిడకు కారంలో ఉప్పు ఎప్పుడు కలపాలో చెబుతోంది. కోమల చేతిలో సంచి చూసింది.

"ఏం తెచ్చినవే?"

"బత్తాయిలు అవ్వా."

"బత్తాయిలు ఒలిచే చెయ్యి ఇరిగినాంక బత్తాయిలు తెస్తరా ఎవలన్న? కూసో. నువ్వే ఒలువు."

కోమల ఒలిచి ఒక్కో తొన నోటికి అందించింది. పుల్లమ్మ గింజలు ఎడమచేతిలోకి ఉమ్ముతూ తిన్నది. కొంతసేపయ్యాక కోమలను చూడకుండా అంది. "నాకు కండ్లు తిరిగినయట గదా."

"ఎవరన్నరు?"

"ఎవలో అన్నరు. విజేందర్‌కు చెప్పిండ్రు. వాడొచ్చి, అమ్మా ఇగ పని బంద్ చెయ్ అంటాండు." పుల్లమ్మ ఎడమచేతిలోని గింజలను పిడికిట బిగించింది. "అరవై ఎనిమిదేండ్లొచ్చినయి. ఇయ్యాల్టికి సూదిల దారం నేనే ఎక్కిస్త. నాకు కండ్లు తిరుగుతయని ఊరంత పాకితే నా నెత్తిన గంప ఎవలు పెడ్తరు చెప్పు? మిరపకాయలు నమ్మి ఎవలిస్తరు? చెయ్యి అతుక్కుంటది బిడ్డా. పేరు అతుకుతదా?"

కోమల చేతిలోని తొన జారి దుప్పటి మీద పడింది. తనను తాను మాత్రమే కాపాడుకుంటున్నానని అనుకుంది ఇంతవరకు. ఆ కాపాడుకోవడం కింద ఇంకొక మనిషి నలుగుతోంది. బకెట్ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది, నోరు దాటి రాలేదు. "రేపు ఇన్సూరెన్స్ మేడం ఒకామె వస్తదవ్వా" అని మాత్రం అంది.

"రానీ. ఆమెకు చెప్పు, పుల్లమ్మ పడ్డది గని కండ్లు తిరిగి పడలేదని."

గురువారం పదకొండింటికి ఇన్సూరెన్స్ కంపెనీ మేడం శ్రీదేవి స్కూటీ మీద వచ్చింది. నలభై దాటిన మనిషి, మాట నిదానం. హెల్మెట్ తీసి మిరపకాయల బస్తా మీద పెట్టింది, గిర్నికి కొత్తగా వచ్చిన అందరిలాగే ముందు నాలుగు తుమ్ములు తుమ్మింది, ఆ తరువాత పేరు చెప్పింది. ఆమె కాగితాలు తీసేలోపే మల్లయ్య వచ్చి కాంటా మీద కూర్చున్నాడు.

"ఏం జరిగింది కోమల గారూ?"

"నేను చెప్త మేడం" అన్నాడు మల్లయ్య. "ఓనరును. ముసలామె ఎండల నడిచొచ్చింది. కండ్లు తిరిగి పడ్డది. ఈ అమ్మాయిది ఏమీ లేదు, పాపం మంచిది."

శ్రీదేవి కోమల వైపు చూసింది. కోమల నేల వైపు చూసింది.

"అంతేనా?"

మోటారు ఆపేసి ఉంది. కోమల తల ఊపిందో లేదో ఆమెకే తెలియదు.

"సరే. అట్లయితే ఆమె అంతట ఆమె పడ్డదని రాసి ఫైలు మూసేస్త."

"మూసెయ్యండ్రి" అన్నాడు మల్లయ్య తేలిగ్గా.

"మూసేస్తే..." కోమల గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అవ్వకు ఏమొస్తది మేడం?"

"ఏమీ రాదు. ఎవరి తప్పూ లేకపోతే కంపెనీ ఎందుకిస్తది? మీది తప్పయితేనే ఈ కాయిదం పనిచేసేది." శ్రీదేవి పెన్ను మూత పెట్టి, హెల్మెట్ తీసుకుని మెట్టు దాకా నడిచింది. అక్కడ ఆగింది. నాపరాయి మీద పళ్ళెమంత గుండ్రటి మరక. చుట్టూ రాయి తెల్లగా మెరుస్తోంది, మరక అంచు మాత్రం నల్లగా గీత గీసినట్టుంది. "ఇదేంది?"

"గంపలు దించుతరు మేడం గక్కడ" అన్నాడు మల్లయ్య.

శ్రీదేవి సరేనన్నట్టు హెల్మెట్ తలకెత్తుకుంది.

కోమల అప్పుడు ఒక సంగతి గమనించింది. ఎవరూ తన వైపు చూడటం లేదు. మేడం హెల్మెట్ పట్టీ వెతుక్కుంటోంది. మల్లయ్య రోడ్డు మీది లారీని చూస్తున్నాడు. వార్డెన్ చూపు లాంటిది ఈ మడిగెలో ఎక్కడా లేదు. ఇప్పుడు తను నోరు విప్పితే అది భయంతో విప్పినట్టు కాదు. అది నా తప్పు అనాలంటే ముందు ఇది నా గడప అనుకోవాలి. ఏడాదిగా ఆమె అట్లా అనుకోనేలేదు. గోడకు మొల కొట్టలేదు, పేరు రాసిన బోర్డు పెట్టలేదు, తలమీద కుళ్ళుతున్న కాయను ఇది తీసెయ్యండి అనలేదు. కిరాయి కట్టి మరీ ఆ జాగాలో దొంగలా బతికింది.

ఆమె లోపలికి పోయింది. జొన్నల బస్తా జరిపిన చప్పుడు వచ్చింది. బకెట్ పట్టుకుని బయటికి వచ్చి, వంగి, ఆ మరక మీద పెట్టింది. మూత డబ్బాకు అమరినట్టు దాని అడుగు మరకకు సరిగ్గా అమరింది.

"అవ్వకు కండ్లు తిరగలే మేడం" అంది. "ఈడ కాయ కారుతుండె, ఇరవై దినాల సంది. పటేలు కట్టిండు. మార్చాలెనని నాకు ఎవరు చెప్పలే, కారుతాందని నేను పటేలుకు చెప్పలే. బకెట్ పెట్టింది నేను. సోమవారం ఊడ్సేటప్పుడు తీసింది నేను. మళ్ల పెట్టుడు మరిచిన. నా గిర్ని ముంగట, నేను మరిచినందుకు పడ్డది. గిదీ జరిగింది."

మల్లయ్య లేచి నిలబడ్డాడు. కాంటా మీద అంకెలు సున్నాకు వచ్చాయి.

శ్రీదేవి హెల్మెట్ మళ్ళీ బస్తా మీద పెట్టింది. బకెట్‌ను నాలుగు వైపుల నుంచి ఫోటో తీసింది, కొక్కేన్ని తీసింది, తెగిన తాడును తీసింది. మెట్టు మీదే కూర్చుని మొదటి కాగితం కొట్టేసి రెండోది రాయడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు ఈ పిల్ల గతి ఏంది మేడం?" అన్నాడు మల్లయ్య. ఆయన గొంతులో కోపం కంటే కంగారు ఎక్కువగా ఉంది.

"ఏమైతది? బకెట్ పెట్టిందంటే కారేది చూసి జాగ్రత్త పడ్డది. మళ్ల పెట్టలేదంటే తప్పు జరిగింది. జాగ్రత్త గల్ల మనిషి కూడ ఒకనాడు మరుస్తది. పాలసీ ఉన్నదే గందుకు." ఆమె తలెత్తింది. "తప్పే చెయ్యనోళ్ళకు ఇది దేనికండి? పదకొండేండ్ల సంది తిరుగుతున్న. అందరు తప్పును దాచిపెట్టి పైసలు అడుగుతరు. పైసలుండేదే దాంట్ల."

"నా పేరు రాస్తరా?"

"కాయ మీరే కట్టిండ్రని రాస్త. నిజమే గదా?"

మల్లయ్య తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "నిజమే" అన్నాడు, ఎవరో పిలిచినట్టు రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

శ్రీదేవి పోయాక కోమల మెట్టు మీద చాలాసేపు కూర్చుంది. మడిగె పోయిందనే అనుకుంది. అయినా, ఒళ్ళు ఇంత తేలికగా ఎందుకుందో అర్థం కాలేదు. చెవుల్లో బొట్టు చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో గుర్తు పట్టలేకపోయింది.

పుల్లమ్మ చేత దరఖాస్తు పెట్టించారు, దవాఖాన కాగితాలు అడిగారు, మళ్ళీ అడిగారు. విజేందర్ ఒకసారి గిర్నికి వచ్చి, ఈ కంపెనీ పైసల మాట ఉత్తదేనా అని మొహం మీదే అడిగాడు. కోమల అతన్ని కూర్చోబెట్టి, బకెట్ కథ మొదటినుంచి చెప్పింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే సులువుగా ఉంది. మే నెల దాటకముందే కంపెనీ వైద్యం ఖర్చూ, చెయ్యి ఆడని నెలల కష్టార్జితమూ పుల్లమ్మ ఖాతాలో వేసింది. ఆమెకు కండ్లు తిరిగిన మాట ఊళ్ళో ఎంత వేగంగా పాకిందో అంతకంటే వేగంగా వెనక్కి పోయింది. కంపెనీవాళ్ళే రాసిచ్చారు మరి, కాలు జారిందని.

అయితే అంతకు ముందే ఒకటో తారీఖు వచ్చింది. మల్లయ్య వారం రోజులుగా గిర్ని వైపు రాలేదు. ఖాళీ చెయ్యమని కబురు వస్తుందని ఎదురుచూసి ఎదురుచూసి, కోమల తనే అగ్రిమెంటు పట్టుకుని ఆయన ఇంటికి పోయింది. గుమ్మంలో నిలబడి మాట్లాడే అలవాటు మానుకుని అరుగు మీద కూర్చుంది. మల్లయ్య భార్య అరుణమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"మళ్ల రాసుకుందామని వచ్చిన పటేలా."

మల్లయ్య గడ్డం గోక్కున్నాడు. "నన్ను ఆ మేడం ముంగట బద్నాం జేసినవ్ గదనే."

"చేసిందంత కోమలనే చేసిందా?" అంది అరుణమ్మ. "కుళ్ళిన కాయ మనది. పోరి నిజం చెప్పకపోతే విజేందర్ ఈపాటికి మనింటి ముంగట టెంటేసుకుని కూసుంటుండె. సంతకం పెట్టు."

"రెండు మాటలు కొత్తగ రాయాలె" అంది కోమల. "ఒకటి, గిర్నికి నా పేరు మీద బోర్డు పెట్టుకుంట. మొలలు కొడ్త. రెండోది, కాయ. మీ కొక్కెం, మీ నమ్మిక, నేను వద్దన. కని నేను ముట్ట. మెత్తబడక ముందే మీరే మార్చాలె. నేను చెప్పినప్పుడు రావాలె."

"మోకాళ్ళ నొప్పులతోని నేను నిచ్చెనెక్కాల్నా?"

"నేను పట్టుకుంట."

మల్లయ్య భార్యను చూశాడు. ఆమె నవ్వు దాచుకోవడానికి చెంబు తీసుకుని లోపలికి పోయింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, స్టాంపు కాగితం మీద గుమ్మడికాయ ఎట్లా రాయాలో ఆలోచిస్తూ కూర్చున్నాడు. రాశాడు. సంతకం పెట్టాడు.

ఆషాఢ అమావాస్య పొద్దున మల్లయ్య కొత్త కాయతో వచ్చాడు. షటర్ మీద కొత్త బోర్డు: కోమల పిండి, కారం గిర్ని. నాలుగు మొలలూ కోమలే కొట్టింది, ఒకటి కొంచెం వంకర పోయింది. మల్లయ్య బోర్డును తిట్టుకుంటూ, మోకాళ్ళను తిట్టుకుంటూ నిచ్చెన ఎక్కాడు. కోమల రెండు చేతులా నిచ్చెన పట్టుకుంది. మెట్టు కింద పుల్లమ్మ ఎడమ చంకలో చిన్న గంప పెట్టుకుని నిలబడి ఉంది. కుడి మణికట్టు మీద కుట్ల గీత ఇంకా ఎర్రగా ఉంది, వేళ్ళు మాత్రం తొడిమెలు తీస్తున్నాయి.

"గట్టిగ కట్టు పటేలా" అంది పుల్లమ్మ. "ఇంకో చెయ్యి ఇరగ్గొట్టుకునే ఓపిక లేదు నాకు."

"నేను పడితే ఎవలిస్తరే నాకు?" అన్నాడు మల్లయ్య పైనుంచి.

"ఫికర్ చెయ్యకు పటేలా" అంది కోమల. "నిచ్చెన పట్టుకున్నది నేను. కాయిదం ఉన్నది."

ఆయన దిగాడు. కోమల కాయ వైపు ఒకసారి, దాని కింది తన పేరు వైపు ఒకసారి చూసి, చీపురు తీసుకుని నాపరాయి మీద రాలిన తాడు పీచు ఊడ్చింది. గుండ్రటి మరక ఎంత కడిగినా పోలేదు. పోకపోయినా ఇప్పుడు ఫరవాలేదు. మిరపకాయల గంప అందుకుని లోపలికి పోయి మోటారు వేసింది. క్షణంలో మడిగె అంతా ఎర్రటి ఘాటు కమ్మింది. బయట ముందు మల్లయ్య తుమ్మాడు, తరువాత పుల్లమ్మ. కోమల గిర్ని చప్పుడును మించి నవ్వింది.